తవిటయ్య ఇంట్లో పెద్ద సినిమా

మామిడిలంకలో తెలివి ఎక్కువైపోయి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సతమతమయ్యే ఇల్లు ఒకటి ఉంది. ఆ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు. ఆ ఇంట్లోవాళ్ళే అనుకున్నారు, అనుకుని నమ్మేశారు కూడా. ఇంటి యజమాని తవిటయ్య. అతని పెళ్ళాం నూకరత్నం. ఆవిడ తమ్ముడు అబ్బులు, అక్క పెళ్ళికి వచ్చి భోజనాలు బాగున్నాయని అక్కడే ఉండిపోయినవాడు. వీళ్ళందరికీ పెద్దదిక్కు తవిటయ్య తల్లి పేరమ్మ. నలుగురూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, ఈ ఊరు మన బుర్రల మీదే నడుస్తోంది సుమా అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవారు.

"నేను చెప్పులు విప్పితే కుడిది కుడిపక్కే పెడతాను. ఎంతమందికి చేతనవుద్ది ఆ పని?" అనేవాడు అబ్బులు.

"నువ్వు పుట్టినప్పుడే అంతరా తమ్ముడూ. ఏడవడం కూడా నోటితోనే ఏడ్చావు," అని మురిసిపోయేది నూకరత్నం.

తవిటయ్య మాత్రం ఇలాంటి చిన్నచిన్న గొప్పలు చెప్పుకునే మనిషి కాడు. అతనిది పెద్ద గొప్ప. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క సినిమా హాల్లో ఇరవయ్యేడేళ్ళుగా అతనే గేట్‌మేన్. ఆ హాల్లో పడ్డ ప్రతి బొమ్మకీ టిక్కెట్టు చింపింది అతని చెయ్యే. "నేను చూసినన్ని సినిమాలు జిల్లాలో ఎవడూ చూళ్ళేదు," అనేవాడు. అది నిజమే. కాకపోతే అందులో ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆట మొదలయ్యేటప్పుడు ఆలస్యంగా వచ్చేవాళ్ళ టిక్కెట్లు చింపుతూ అరగంట గేటు దగ్గరే ఉండాలి. ఆట అయిపోయేముందు, తర్వాతి ఆటకొచ్చిన జనం తోసుకుని లోపలికి రాకుండా మళ్ళీ గేటు దగ్గరే నిలబడాలి. అంచేత ఇరవయ్యేడేళ్ళలో తవిటయ్య చూసినవన్నీ మధ్యలే.

ఎవరైనా కథ చెప్పమంటే హుషారుగా చెప్పేవాడు. "ఒకడు పరిగెడతాడండి. ఇంకొకడు తరుముతాడు. ఒకావిడ భోరున ఏడుస్తుంది."

"ఎందుకేడుస్తుంది?"

"అది మొదట్లో ఉంటుందండి."

"తర్వాతేమైంది?"

"అది చివర్లో ఉంటుందండి."

జనం పగలబడి నవ్వేవాళ్ళు. తవిటయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు గానీ, లోపల మాత్రం చాలా బాధగా ఉండేది. ఒకసారి నూకరత్నంతో అన్నాడు, "ఏవే, పోయేలోగా ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి, పేర్లు పడ్డకాణ్ణించి శుభం కార్డు పడేదాకా కూర్చుని చూడాలే నేను." ఆ మాట అంటుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకరత్నం కూడా పాపం కొంగుతో కళ్ళొత్తుకోబోయి, ఎవరి కళ్ళో చూసుకోకుండా అతని కళ్ళే ఒత్తేసింది.

ఇలా ఉండగా హాలుకి కొత్త కుర్చీలు వేయిస్తూ ఓనరు గారు నాలుగు రోజులు ఆటలు ఆపేశారు. తవిటయ్యని పిలిచి, "నాలుగు రోజులు ఇంటిదగ్గర కాళ్ళు చాపుకుని కూర్చో. హాయిగా పెద్ద పెద్ద సినిమాలు చూసుకో. అయిదో రోజు పొద్దున్నే వచ్చెయ్," అన్నారు.

అంతే. తవిటయ్య ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి కాళ్ళు చాపేశాడు. ఓనరు గారు చాపమన్నారు గానీ ముడవమనలేదు కదా. అన్నం చాపిన కాళ్ళతోనే తిన్నాడు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కాళ్ళు దాటుకుంటూ తిరిగారు. చివరికి కేబుల్ షాపు గనిరాజు దగ్గరికి సినిమా తేవడానికి వెళ్ళాల్సొచ్చినప్పుడు, అబ్బులూ నూకరత్నం చెరో చంకా పట్టుకుని, చాపిన కాళ్ళు చాపినట్టే వీధి వెంట ఈడ్చుకెళ్ళారు. పంచె వెనకభాగం గనిరాజు షాపు దాకా రాలేదు.

గనిరాజు మంచివాడు. ఊళ్ళో అందరి టీవీలూ అతనే బాగుచేస్తాడు, అడిగినవాళ్ళకి సినిమాలు ఎక్కించి ఇస్తాడు. "బాబాయ్, ఇదిగో, ఈ మధ్యకాలంలో వచ్చినవాటిల్లో అతి పెద్ద సినిమా. జనం విరగబడి చూశారు," అని చిటికెన వేలంత పెన్‌డ్రైవు ఒకటి చేతిలో పెట్టాడు.

నలుగురూ దాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. పేరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

"ఇదేంటి నాయనా, పెద్ద సినిమా అన్నావు. ఇది చూస్తే తాళం చెవంత లేదు!"

"లోపలుంది మామ్మా."

"మా టీవీలో పడుద్దా మరి? మాది చిన్నది."

అబ్బులు వెంటనే బుర్ర వాడాడు. "అత్తా, ఇంత బుల్లిదాన్లో పట్టిన సినిమా మన టీవీలో పట్టదా? ఇంకా బోల్డంత జాగా మిగుల్తుంది." నూకరత్నం తమ్ముడికి అక్కడికక్కడే దిష్టి తీసింది.

గనిరాజు నవ్వాపుకుని, "పట్టుకెళ్ళి అచ్చం హాల్లో చూసినట్టే చూడండి బాబాయ్. అప్పుడే మజా," అన్నాడు. పాపం, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇంకేముంది. మొదటిరోజు మధ్యాహ్నానికి ఇల్లు హాలైపోయింది. నూకరత్నం వంటింటి కిటికీలో కూర్చుని టిక్కెట్లిచ్చింది. పాత క్యాలెండరు చింపి నాలుగు టిక్కెట్లు చేశారు. పేరమ్మా అబ్బులూ వరసలో నిలబడి, హాల్లోలాగే ఉండాలి కాబట్టి ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. గేటు పని పడింది కాబట్టి తవిటయ్య కాళ్ళు చాపడం మాని, గుమ్మం దగ్గర నిలబడి టిక్కెట్లు చింపాడు. పేరమ్మ టిక్కెట్టు రవికెలో ఎక్కడో పెట్టుకుని మర్చిపోయింది.

"టిక్కెట్టు లేకపోతే పంపనమ్మా."

"నిన్ను కన్నాను కదరా!"

"ఎవరు కన్నా సరే, టిక్కెట్టు టిక్కెట్టే."

పావుగంట వెతికి ఆవిడ టిక్కెట్టు బయటపెట్టాక లోపలికి పంపాడు. నూకరత్నం కిటికీ మూసి తన టిక్కెట్టు తనే కొనుక్కుని వెళ్ళింది. లోపల నలుగురికి సరిపడా చాప. ముగ్గురు కూర్చున్నారు, నాలుగో చోట తవిటయ్యకని తలగడ పెట్టారు. అబ్బులు లెక్క చూశాడు. చాప నిండిపోయింది. వెంటనే పలక మీద 'హౌస్‌ఫుల్' అని రాసి గుమ్మానికి తగిలించొచ్చాడు.

తవిటయ్య లోపలికి అడుగు పెట్టబోయి పలక చూసి ఆగిపోయాడు. ఇరవయ్యేడేళ్ళ ఉద్యోగంలో ఆ బోర్డు పడ్డాక ఒక్కణ్ణీ లోపలికి పంపిన పాపాన పోలేదతను. మునసబు గారి అల్లుడొస్తేనే పంపలేదు. ఇప్పుడు సొంత ఇల్లు కదా అని తనని తాను పంపుకుంటే, రేపు ఊళ్ళో ఎవడైనా వేలెత్తి చూపిస్తే ఏం చెప్తాడు? గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి, తనని తానే ఆపేసుకున్నాడు.

లోపల పేర్లు పడుతున్న చప్పుడు. పాట. ఏనుగు ఘీంకారం లాంటిదేదో. "ఏం జరుగుతోందే?" అని బయటినుంచి అరిచాడు. "మాట్లాడకండి, పక్కవాళ్ళకి ఇబ్బంది," అంది నూకరత్నం లోపల్నించి.

హీరో తెర మీదికి వచ్చే ఘడియ రానే వచ్చింది. హాల్లో అయితే కాగితాలు చల్లుతారు, హారతులిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. హాల్లోలాగే చూడమన్నాడు కదా గనిరాజు. అంతే, పేరమ్మ తన మందుల చీటీలు చింపి చల్లింది. నూకరత్నం కర్పూరం వెలిగించింది. అబ్బులు గోడకేసి కొబ్బరికాయ ఫెడీమని కొట్టాడు. నీళ్ళన్నీ సరాసరి స్విచ్చుబోర్డులోకి వెళ్ళాయి. టప్పుమని ఒక చప్పుడొచ్చింది, ఇల్లంతా కరెంటు పోయింది, పక్కింట్లోనూ పోయింది.

"ఇంటర్వెల్లా?" అని అడిగాడు తవిటయ్య గుమ్మంలోంచి. ఇంటర్వెల్ కాదు. లైన్‌మేన్ వచ్చి వైర్లు మార్చి, నాలుగు తిట్టి వెళ్ళేసరికి మర్నాడు పొద్దెక్కింది.

రెండో రోజు తవిటయ్య పట్టుదలగా ఉన్నాడు. గుమ్మం గొళ్ళెం పెట్టేసి, పలక అటక మీద పడేసి, అందరికంటే ముందు తనే వెళ్ళి చాప మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. టీవీ పెట్టారు. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు వచ్చాయి. జీవితంలో మొదటిసారి సినిమా మొదలు చూస్తున్నాడు తవిటయ్య. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు.

"ఇందులోని... పాత్రలు... ఎవరినీ... ఉద్దేశించినవి... కావు."

అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎవరినీ అంటే మనల్ని కూడానా?" అంది నూకరత్నం.

"మనం ఎవరిలోకి రామేంటే?"

"అయ్యో నాయనా! మన కోసం తీసింది కాదుట. పరాయివాళ్ళ సినిమా తెచ్చుకుని చాప పరుచుక్కూర్చున్నాం. ఎంత సిగ్గుచేటు!" అని పేరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టేసుకుంది, పొరపాటున పరాయి సినిమా కంట పడుతుందేమోనని.

అంతే, టీవీ ఆపేసి, పెన్‌డ్రైవుని తమలపాకులో పెట్టి, తప్పైపోయిందని చెప్పడానికి నలుగురూ గనిరాజు షాపుకి వెళ్ళారు. గనిరాజుకి విషయం అర్థం కావడానికే అరగంట పట్టింది. అర్థమయ్యాక ఇంకో అరగంట నెత్తి బాదుకున్నాడు. "అది అందరికీ వేస్తారు బాబాయ్! మీరు చూడొచ్చు! మీకోసమే ఇచ్చాను! వెళ్ళి కూర్చోండి, సినిమా అయ్యేదాకా ఇంకే సంగతీ పట్టించుకోకండి, నా తల్లీ నా బాబూ!"

ఇంటికొచ్చి మళ్ళీ పెట్టారు. ఈసారి బానే సాగింది. తవిటయ్య మొదలంతా చూశాడు. పిల్లాడు పుట్టాడు, పిల్లాడి తండ్రిని ఎవరో చంపేశారు, పిల్లాడు ఒక్క పాటలో పెరిగి పెద్దవాడైపోయాడు. "ఓహో, మధ్యలో పరిగెత్తేది ఇందుకన్నమాట!" అని తవిటయ్య చప్పట్లు కొట్టాడు. సరిగ్గా అప్పుడే కుళాయి వచ్చింది. నూకరత్నం పొద్దున కుళాయి పైపు ఇంట్లో గంగాళంలో పెట్టి మర్చిపోయింది. గంగాళం నిండింది, పొర్లింది. నీళ్ళు నడవలోకొచ్చాయి. ఆవిడ చూసింది. కానీ గనిరాజు ఏ సంగతీ పట్టించుకోవద్దన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. నీళ్ళు చాప కిందికొచ్చాయి. అబ్బులు చూశాడు, పట్టించుకోలేదు. పేరమ్మ ముక్కుపొడుం డబ్బా తేలుతూ ఆవిడ ముందునుంచే పోయింది. "వెళ్ళొస్తావా," అని దాన్ని సాగనంపి ఆవిడ మళ్ళీ సినిమాలో పడిపోయింది.

తెర మీద అప్పుడే కుంభవృష్టి మొదలైంది. హీరో వానలో తడుస్తూ పదిమందిని కొడుతున్నాడు. తవిటయ్య తన తడిసిన పంచె చూసుకున్నాడు. తెర చూశాడు. మళ్ళీ పంచె చూసుకున్నాడు.

"ఏవే, వాళ్ళ వాన మనింట్లోకొచ్చేస్తోంది!"

ఇంకేముంది. నూకరత్నం గొడుగులు తెచ్చింది. నలుగురూ గొడుగులు వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని చూశారు. వాన తగ్గలేదు. నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి.

"బావా, గొడుగు మనకి కాదు వెయ్యాల్సింది. వాన ఎక్కణ్ణించొస్తోందో అక్కడ కప్పెయ్యాలి!" అన్నాడు అబ్బులు.

ఆ తెలివికి తవిటయ్య అబ్బురపడిపోయాడు. పెరట్లో కట్టెల మీద కప్పిన బరకం తెచ్చి టీవీకి చుట్టూ బిగించి, తాళ్ళతో నాలుగు ముళ్ళేశారు. ఈలోగా కుళాయి టైమైపోయి నీళ్ళు ఆగాయి. "చూశారా, కప్పగానే ఎలా ఆగిందో!" అని నలుగురూ భుజాలు చరుచుకున్నారు. బరకం లోపల సినిమా నడుస్తూ నడుస్తూ అయిపోయింది. శుభం కార్డు చీకట్లో ఎవరికీ కనపడకుండానే పడి వెళ్ళిపోయింది. ఆ సంగతి తట్టాక తవిటయ్య బరకం ముళ్ళు ఒక్కొక్కటే విప్పుకుంటూ కూర్చున్నాడు.

మూడో రోజు ఇల్లు ఆరబెట్టుకుని, మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నారు. తవిటయ్య కుళాయికి గుడ్డ కుక్కాడు. కొబ్బరికాయలన్నీ పక్కింట్లో దాచాడు. ఈసారి ఏ ఆటంకమూ లేదు. మొదలు చూశాడు, మధ్య చూశాడు. హీరోకి తన తండ్రిని చంపినవాడెవడో తెలిసింది. హీరో పళ్ళు కొరికాడు. తవిటయ్య కూడా తనకున్న నాలుగు పళ్ళూ కొరికాడు. హీరో కత్తి ఎత్తాడు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆగిపోయి, దాని మీద పెద్ద అక్షరాలు పడ్డాయి. 'విశ్రాంతి'.

"అవునురా, మనకీ నడుము లాగేస్తోంది. ఎంత మర్యాద తెలిసినవాళ్ళో చూడు, అడక్కుండానే చెప్పారు," అంది పేరమ్మ.

అంతే. నలుగురూ చాప మీద వరసగా పడుకున్నారు.

"బావా, ఎప్పుడు లేవాలి?"

"బెల్లు కొడతారు కదరా. ఇరవయ్యేడేళ్ళు చూస్తున్నాను, ఇంటర్వెల్ అయ్యాక బెల్లు కొట్టందే ఒక్కడూ లోపలికి రాడు."

ఇంట్లో బెల్లెవడు కొడతాడు? హాల్లో కొట్టేవాడు తవిటయ్యే. ఆ సంగతి అతనికి తెలుసు కూడా. కానీ ఇప్పుడు తనకీ విశ్రాంతే కదా, విశ్రాంతిలో ఉన్నవాడు ఎలా కొడతాడు? గుర్రుపెట్టి నిద్రపోయాడు. పక్కనే హీరో కత్తి దించాడు, ఎవర్నో నరికాడు, పెళ్ళి చేసుకున్నాడు కాబోలు, సన్నాయి వాయించారు. పేరమ్మ నిద్రలోనే అక్షింతలు వేసినట్టు చెయ్యి ఊపింది. మర్నాడు పొద్దున్నే పీచుమిఠాయివాడు వీధిలో గంట గణగణమని కొట్టుకుంటూ పోతే, "బెల్లయింది, లేవండి లేవండి!" అని నలుగురూ కళ్ళు నులుముకుంటూ లేచి నల్లటి తెర ముందు ముప్పావుగంట బుద్ధిగా కూర్చున్నారు.

"రెండో సగం బాగా చీకటిగా తీశారు," అన్నాడు అబ్బులు.

తవిటయ్యకి అప్పుడు వచ్చింది ఏడుపు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇవాళే ఆఖరు రోజే రత్నం. రేపు మళ్ళీ గేటు. మళ్ళీ మధ్యలే. నా బతుకంతా మధ్యే అయిపోయింది. మొదలంటే చూశాను. ఆ చివరొక్కటి చూస్తే చాలే నాకు."

నూకరత్నం గుండె కరిగిపోయింది. "మీరు ఏడవకండి. ఇవాళ విశ్రాంతి అని పడినా మనం విశ్రాంతి తీసుకోం. భూకంపం వచ్చినా లేవం. నా మీద ఒట్టు," అంది. అబ్బులు కూడా ఒట్టేశాడు. పేరమ్మ టీవీ మీదే ఒట్టేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం. మొదలైంది. మొదలు గడిచింది. మధ్య గడిచింది. విశ్రాంతి పడితే నలుగురూ కళ్ళు పెద్దవి చేసి, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నిటారుగా కూర్చుని విశ్రాంతిని ఓడించారు. రెండో సగం గుర్రాల మీద, పడవల మీద, కొండల మీద సాగింది. తవిటయ్య రెప్ప వాల్చలేదు. ఆఖరి పోరాటం వచ్చేసింది. ఇక పది నిమిషాలుందేమో. పాడుబడ్డ కోటలో ఎడంపక్క విలను. ఒక చేత్తో హీరోయిన్ రెక్క పట్టుకుని, రెండో చేత్తో తుపాకీ ఎత్తాడు. కుడిపక్క హీరో. పిచ్చివెధవ, అటు తిరిగి తల్లి ఫొటోకి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

"ఒరే బాబూ, వెనక చూసుకో!" అని పేరమ్మ అరిచింది. హీరో వినలేదు.

"మన గొంతు వినపడ్డంలేదు, సౌండు పెంచు!" అన్నాడు తవిటయ్య. అబ్బులు సౌండు పెంచాడు. మేళాలు చెవులు బద్దలుకొట్టాయి. నలుగురూ అంతకంటే గట్టిగా అరిచారు. హీరో ఇంకా దణ్ణంలోనే ఉన్నాడు.

"అంత రొదలో మనమాట ఎలా వినపడుద్దిరా, తగ్గించు!" అన్నాడు మళ్ళీ తవిటయ్యే. అబ్బులు తగ్గించాడు. మళ్ళీ అరిచారు. వీధివాళ్ళంతా ఎక్కడో నిప్పంటుకుందనుకుని బిందెలతో నీళ్ళు పట్టుకొచ్చారు. అందరూ విన్నారు. హీరో ఒక్కడే వినలేదు.

విలను తుపాకీ పేల్చాడు. తూటా బయల్దేరింది. కానీ పెద్ద సినిమాలో తూటా మామూలుగా రాదు కదా. మెల్లిగా, గాల్లో గుండ్రంగా తిరుగుతూ, పెళ్ళివారి నడకలా వస్తోంది.

"నిదానంగా వస్తోంది బావా! మనకి టైముంది!"

తవిటయ్య ఒక్క గెంతు గెంతి రిమోటు నొక్కాడు. తెర ఆగింది. ఎడంపక్క విలను, నడుమ గాల్లో తూటా, కుడిపక్క దణ్ణంలో హీరో. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఇంట్లో వాళ్ళ ఊపిరి కూడా ఆగింది.

"ఇప్పుడు మళ్ళీ నొక్కితే?" అంది నూకరత్నం సన్నగా.

"తగుల్తుంది."

"మరి మీ చివర?"

తవిటయ్య రిమోటు వంక చూశాడు. ఇరవయ్యేడేళ్ళు ఎదురుచూసిన చివర ఆ బొత్తాం అవతల ఉంది. నొక్కితే చాలు. బొటనవేలు బొత్తాం దాకా తీసుకెళ్ళాడు. తర్వాత రిమోటు మెల్లిగా చాప మీద పెట్టేశాడు. "నా ముచ్చట కోసం పరాయి తల్లి బిడ్డని చంపుకోనా? వద్దు. నాకు చివరొద్దు," అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన ఆ ఇంట్లో తెలివి లేదు గానీ మనిషితనం మాత్రం ఉంది. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బావుండేది!

"అలా వదిలేస్తే ఎలా బావా? ఎవడైనా వచ్చి బొత్తాం నొక్కితే? పిల్లి నొక్కితే? వాణ్ణి కాపాడి తీరాలి," అన్నాడు అబ్బులు. "టీవీని కుడిపక్కకి వంచుదాం. హీరో జారి బయటపడతాడు."

వంచారు. హీరో జారలేదు. తలకిందులు చేశారు. పేరమ్మ కింద దుప్పటి పట్టుకు నిలబడింది. హీరో పడలేదు, దణ్ణం కూడా మానలేదు.

"గట్టి భక్తుడు," అంది పేరమ్మ.

తవిటయ్య నుదురు రుద్దుకున్నాడు. అప్పుడు తట్టింది అతనికి, ఆ వంశంలో ఎవరికీ తట్టనంత గొప్ప ఆలోచన. "ఒరేయ్ అబ్బులూ. తూటా ఎడమ నుంచి కుడికి రావాలి కదా. మధ్యలో దారే లేకపోతే ఎలా వస్తుంది?"

ఇంకేముంది. పెరట్లో కొబ్బరి మట్టలు కోసే రంపం వచ్చింది. నూకరత్నం పసుపు ముద్దతో తూటాకీ హీరోకీ మధ్య తెర మీద నిలువుగా గీత గీసింది. "ముందు కరెంటు తీసెయ్యండి, విలనుకి షాకు కొడితే రెచ్చిపోతాడు," అంది. ప్లగ్గు పీకారు. తెర నల్లబడింది. గీత మాత్రం పచ్చగా కనపడుతోంది. తవిటయ్య ఇటు, అబ్బులు అటు. కర్రుకర్రుమని కోశారు. బిందెలతో వచ్చిన వీధివాళ్ళు కిటికీలోంచి చూస్తూ బిందెలు దించడం కూడా మర్చిపోయారు. పావుగంటలో టీవీ రెండు ముక్కలైంది.

విలను ముక్కని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, కోళ్ళ గంప కింద బోర్లించి, పైన రుబ్బురోలు ఎత్తిపెట్టారు. "ఇప్పుడు పేల్చుకోరా తుపాకీ!" అని అబ్బులు గంపని తన్ని మరీ వచ్చాడు. హీరో ముక్కకి పేరమ్మ దిష్టి తీసి, పెరుగన్నం నివేదన పెట్టి, అలిసిపోయి ఉంటాడని తలగడ మీద పడుకోబెట్టింది.

తవిటయ్య ఆ ముక్క ముందు కూర్చున్నాడు. హీరో బతికాడు. విలను పట్టుబడ్డాడు. ఇక మిగిలిందేముంది? సుద్దముక్క తీసుకుని నల్లటి తెర మీద తన చేత్తో పెద్ద అక్షరాలతో రాశాడు. 'శుభం'.

రాసి, వెనక్కి జరిగి చూశాడు. బొటబొటా కన్నీళ్ళు కారాయి. "చూశానే రత్నం. పేర్ల దగ్గర్నుంచి శుభం దాకా. మొత్తం చూశాను!" నూకరత్నం ఈసారి గురి తప్పకుండా తన కళ్ళు తనే ఒత్తుకుంది.

అప్పుడొచ్చాడు గనిరాజు, తన పెన్‌డ్రైవు పట్టుకుపోదామని. తలగడ మీద సగం టీవీ చూశాడు. పసుపు గీత చూశాడు. గోడకి చేరబడ్డాడు. తవిటయ్య అతన్ని పట్టుకుని సినిమా కథ మొత్తం చెప్పాడు. ఇరవయ్యేడేళ్ళలో మొదటిసారి మొదలూ మధ్యా చివరా పొల్లుపోకుండా చెప్పాడు. గనిరాజు పాపం కళ్ళు తేలేసి విన్నాడు. అంతా విని నీరసంగా, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"మరి హీరోయిన్ ఏమైంది బాబాయ్?"

పెరట్లో కోళ్ళు కొక్కొరోమన్నాయి. నూకరత్నం గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మో అమ్మో! పెళ్ళికావాల్సిన ఆడపిల్లని వాడితోపాటు ఒకే గంప కింద పెట్టేశామండీ!"

అంతే. తవిటయ్య కండువాతో శుభాన్ని గబగబా తుడిచేశాడు. రంపం భుజాన వేసుకుని పెరట్లోకి పరిగెత్తాడు. అబ్బులు రుబ్బురోలు దించుతుంటే గనిరాజు, "వద్దు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, వద్దు!" అని వెంటపడ్డాడు. తవిటయ్య పెరటి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి అతన్ని ఆపాడు.

"నువ్వు కాసేపు బయట నిలబడు గనిరాజూ. సినిమా ఇంకా అవలేదు."